డ్రై ఫుడ్ మాన్పించి పచ్చిమాంసం పెట్టొచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు. మా బ్రూనో లాబ్రడార్, మగది, నాలుగేళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. 32 కిలోలున్నాడు, 28 ఉంటే చాలని డాక్టరుగారు అన్నారు. చిన్నప్పటి నుంచీ చికెన్ డ్రై ఫుడ్డే, రోజుకి మూడు కప్పులు. రాత్రి కాస్త పెరుగన్నం. వానలు మొదలైతే చాలు ఒళ్లంతా గోక్కుంటాడు, చెవులు వాసనొస్తాయి. హైదరాబాద్‌లో ఉన్న మా మరిది తన కుక్కకి పచ్చిమాంసం పెడుతున్నాడు, బొచ్చు నిగనిగలాడుతోందట. మా వీధి చివరే చికెన్ కొట్టు ఉంది. మార్చాలంటే ఎంత పెట్టాలి, ఎలా మొదలుపెట్టాలి? వచ్చే నెల మా అమ్మాయి పురిటికి వస్తోంది. దానివల్ల ఏమైనా ఇబ్బందా?

సమాధానం: మీరు ఆఖరున అడిగినదానికే ముందు జవాబు చెప్పాలి. అమ్మాయి పురిటికి వస్తోందంటే ఇంట్లో నిండు గర్భిణి, ఆ వెనకాలే పసిగుడ్డు. ఈ కొన్ని నెలలూ బ్రూనోకి పచ్చిమాంసం వద్దు. మాంసం పెట్టండి, ఉడికించి పెట్టండి. బిడ్డనెత్తుకుని అమ్మాయి అత్తారింటికి వెళ్లాక, అప్పటికీ పచ్చిదే పెట్టాలనిపిస్తే ఎలా పెట్టాలో కూడా కింద రాస్తున్నాం.

పచ్చిమాంసం తిన్న కుక్కలో మీ మరిదిగారు చూస్తున్న మెరుగు నిజమే. అయితే అందులో చాలా భాగం మాంసానిది, పచ్చితనానిది కాదు. బొచ్చు మెరిసేది కొవ్వు వల్ల. మలం తక్కువగా, గట్టిగా వచ్చేది పీచు, పిండి తగ్గినందువల్ల. ఈ రెండూ ఉడికించిన మాంసంతోనూ వస్తాయి. ఉడికిస్తే కొంత బి1 విటమిన్, టారిన్ నీళ్లలోకి దిగిపోతాయి, ఆ నీళ్లు పారబోయకుండా అన్నంలో కలిపేస్తే చాలావరకు తిరిగొస్తాయి. పచ్చితనం అదనంగా తెచ్చిపెట్టేది మాత్రం సాల్మొనెల్లా, కాంపిలోబ్యాక్టర్, ఈ.కోలై అనే జబ్బు క్రిములు. కుక్కకి విరేచనాలు కూడా కాకపోవచ్చు. పైకి శుభ్రంగానే ఉంటుంది, కానీ ఒక్క పూట తిన్న కలుషిత మాంసం వల్ల వారం దాకా మలంలో సాల్మొనెల్లా పోతుండవచ్చు. ఆ నోటితోనే చెయ్యి నాకుతుంది, ఆ వంటితోనే వచ్చి మంచం పక్కన పడుకుంటుంది. పచ్చి జంతు మాంసాన్ని కుక్కలకి పెట్టవద్దని అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే విధానంగా ప్రకటించింది. అందులో కుక్క గురించి ఎంత ఉందో ఇంట్లో మనుషుల గురించీ అంతే ఉంది.

'కుక్క తోడేలు జాతి, అన్నం దానికి పడదు' అన్న మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. పిండిని అరిగించే జన్యువు తోడేళ్లలో కంటే కుక్కల్లో ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతులుగా ఉందని స్వీడన్ పరిశోధకులు 2013లో చూపించారు. మనిషి పెట్టే గంజీ అన్నమూ తింటూ మారిన ప్రాణి అది. మెత్తగా ఉడికిన అన్నం బ్రూనోకి ఏ కీడూ చెయ్యదు. ఎంత పెడుతున్నారన్నదే చూసుకోవాలి.

ఇక దురద. ఇక్కడ కాస్త ఆగండి, తొందరపడితే డబ్బూ నెలలూ రెండూ వృథా అవుతాయి. వాడు ఇన్నాళ్లూ తిన్నది చికెన్ డ్రై ఫుడ్. ఒకవేళ దురద తిండివల్లే అయితే, పచ్చి చికెన్‌కి మారినా తినేది మళ్లీ చికెనే. కుక్కల్లో తిండి ఎలర్జీకి ఎక్కువగా కారణమయ్యేవి పశుమాంసం, పాలపదార్థాలు, చికెన్, గోధుమ. అంటే మీ రాత్రి పెరుగన్నం మీద కూడా అనుమానం పెట్టుకోవాల్సిందే. అసలు వానాకాలంలోనే పెరిగే దురదకి తిండి కంటే ముందు చూడాల్సినవి పిడుదులు, గోమార్లు, చెమ్మకి పెరిగే ఈస్ట్ అనే శిలీంధ్రం. మన డెల్టాలో జూలై నుంచి నవంబరు దాకా లాబ్రడార్ లోపలి బొచ్చు పూర్తిగా ఆరడమే కష్టం. చెవి వాసన ఈస్ట్‌ని పట్టించే గుర్తు. చెవిలోంచి దూదిపుల్లతో తీసిన మురికినీ, చర్మం గీకి తీసిన పొట్టునీ మైక్రోస్కోపు కింద చూడమని మీ డాక్టరుగారిని అడగండి. అక్కడ వీలుకాకపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లొచ్చు. ముందు ఇది తేలాలి.

అది తేలి, మందు వాడి, ఇంకా గోక్కుంటుంటే అప్పుడు తిండి పరీక్ష. ఎనిమిది వారాలు, ఒకే ఒక్క కొత్త మాంసం. చేపల ఊళ్ల మధ్య ఉండి చికెన్ వెంట పడనక్కర్లేదు. డ్రై ఫుడ్ సంచి వెనక రాసిన పదార్థాల్లో చేప లేదని చూసుకుని, ఉడికించి ముళ్లు తీసిన శీలావతి, అన్నం, గుమ్మడికాయ ముక్క పెట్టండి. ఈ ఎనిమిది వారాల్లో గుడ్డు, పెరుగు, బిస్కెట్, చికెన్ వాసన పట్టించిన మాత్ర, ఏదీ పడకూడదు. ఇంటికొచ్చిన బంధువు ఒక్క బిస్కెట్ విసిరినా పరీక్ష చెడిపోయినట్టే. ఎనిమిది వారాలకి దురద తగ్గితే, మళ్లీ పాత డ్రై ఫుడ్ రెండు వారాలు పెట్టి చూడాలి. దురద తిరగబెడితే తిండే కారణం. చాలామంది ఈ ఆఖరి మెట్టు మానేస్తారు. అప్పుడు తగ్గింది తిండివల్లా, వానలు ఆగినందువల్లా అన్నది ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు కొలతలు. 'బరువులో రెండు నుంచి మూడు శాతం మాంసం' అన్న లెక్క మీరు వినే ఉంటారు. అది మొదటి అంచనాకి పనికొస్తుంది, అంతకుమించి నమ్మకూడదు. 28 కిలోలకి రెండున్నర శాతమంటే 700 గ్రాములు. అయితే తోలుతో ఉన్న కోడి తొడ మాంసం 100 గ్రాముల్లో దాదాపు 220 కేలరీలుంటే, తోలు తీసిన దాంట్లో 120 మాత్రమే. మన కొట్లలో మామూలుగా కొట్టిచ్చేది స్కిన్‌లెస్. విదేశీ వీడియోల్లో చూపించే కోడి తోలుతో ఉంటుంది. అదే 700 గ్రాములు, ఒకచోట కుక్క లావెక్కుతుంది, ఇంకోచోట డొక్కలు తేలుతుంది.

కాబట్టి కేలరీలతో లెక్క వేద్దాం. 28 కిలోల కుక్క కదలకుండా పడుకున్నా దానికి రోజుకి సుమారు 850 కేలరీలు కావాలి. ఆపరేషన్ అయి, మామూలుగా తిరిగే కుక్కకి 1,200 సరిపోతాయి. బ్రూనో నాలుగు కిలోలు తగ్గాలి కాబట్టి 900 దగ్గర మొదలుపెడదాం. మీరు పెట్టే మూడు కప్పులు, కప్పుకి నూరు గ్రాముల చొప్పున, సుమారు 1,050 కేలరీలు. దానిమీద పెరుగన్నం. పెరిగింది ఎక్కడో మీకే తెలుస్తోంది.

ఉడికించిన తిండి, ఒక రోజుకి: ఎముక లేని మాంసం 450 గ్రాములు (పచ్చిదిగా తూచినప్పుడు), కోడి కార్జం 35 గ్రాములు, ఉడికిన అన్నం 200 గ్రాములు, గుమ్మడికాయ, బీన్స్, సొరకాయల్లో ఏదో ఒకటి 100 గ్రాములు, నూనె ఒక టీస్పూను. ఇది సుమారు 900 కేలరీలు. మాంసంలో మూడో వంతు కందనకాయలు, గుండెకాయలు వెయ్యొచ్చు, అవి కండ కిందే లెక్క. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, కారం వెయ్యొద్దు. ఉల్లీ వెల్లుల్లీ కుక్క రక్తంలో ఎర్రకణాల్ని పగలగొడతాయి, కూరలో ఉడికినా ఆ గుణం పోదు. మాంసం మునిగేంత నీళ్లు పోసి లోపల గులాబీరంగు పోయేదాకా ఉడికిస్తే చాలు, కుక్కరులో గుజ్జు చెయ్యక్కర్లేదు. పైన చెప్పిన ఎనిమిది వారాల పరీక్ష జరుగుతుంటే మాంసం, కార్జం స్థానంలో మొత్తం చేపే.

ఇంట్లో వండిపెట్టేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది కాల్షియం. ఎముక లేని మాంసంలో భాస్వరం దండిగా, కాల్షియం దాదాపు శూన్యం. నెలల తరబడి అలా పెడితే శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం లాగేసుకుంటుంది. పెద్ద కుక్కలో దవడ మెత్తబడుతుంది. ఎదిగే పిల్లకైతే కాళ్లు వంకరపోతాయి, ఊరికే గెంతినా విరుగుతాయి. దీనికి మందు మీ వంటింట్లోనే ఉంది. కోడిగుడ్డు పెంకుల్ని పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మూకుడులో కాస్త వేయించి, మిక్సీలో మెత్తటి పొడి చెయ్యండి. వేళ్ల మధ్య నలిపితే గరుకు తగలకూడదు, పిండిలా జారాలి. ఒక గుడ్డు పెంకు అయిదారు గ్రాములుంటుంది, అందులో సుమారు 2 గ్రాముల కాల్షియం. బ్రూనోకి రోజుకి ముప్పావు టీస్పూను, అంటే 4 గ్రాములు. గుడ్డు కూడా ఆపిన ఎలర్జీ పరీక్ష రోజుల్లో, డి విటమిన్ కలవని కాల్షియం కార్బొనేట్ పొడి అంతే తూకం వెయ్యండి. ఇదంతా చేసినా జింకు, మాంగనీసు, అయొడిన్, ఇ, డి విటమిన్లు చాలవు. ఉడికించినా, పచ్చిగా పెట్టినా ఇది తప్పదు. కుక్కలకోసం చేసిన విటమిన్, ఖనిజాల పొడిని డాక్టరు చెప్పిన మోతాదులో కలపండి, అందులో కాల్షియం ఉంటే గుడ్డు పెంకు అంతమేర తగ్గించండి. మనుషుల మల్టీవిటమిన్ మాత్రలు వద్దు.

మార్చడం మెల్లగా. నాలుగేళ్లు ఒకే తిండికి అలవాటుపడిన పేగుల్లోని సూక్ష్మజీవులు ఒక్కరోజులో మారవు. మొదటి మూడు రోజులు డ్రై ఫుడ్ 225 గ్రాములు, వండిన దాంట్లో నాలుగో వంతు. నాలుగు నుంచి ఆరో రోజు వరకు 150 గ్రాములు, సగం. ఏడు నుంచి పదో రోజు వరకు 75 గ్రాములు, ముప్పావు. పదకొండో రోజు నుంచి పూర్తిగా వండినది. మధ్యలో మలం పలచబడితే వెనక్కి పోకండి, ఉన్న మెట్టుమీదే రెండు రోజులు నిలవండి. కార్జం మొదటి వారం వెయ్యొద్దు, రెండో వారం 10 గ్రాములతో మొదలుపెట్టండి. పెరుగన్నం మొదటిరోజు నుంచే బంద్. రెండు వారాలకోసారి బరువు చూడాలి. 32 కిలోల కుక్కని చంకనెత్తుకుని ఇంటి కాటా ఎక్కడం అయ్యేపని కాదు, ఎరువుల కొట్టులోనో ధాన్యం తూచేచోటో ఉండే పెద్ద కాటామీద నిలబెట్టండి. వారానికి 300 గ్రాములు తగ్గితే చక్కగా ఉన్నట్టు. అంతకు రెట్టింపు తగ్గుతుంటే అన్నం, మాంసం రెండూ పదోవంతు పెంచండి.

ఇక, అమ్మాయీ మనవడో మనవరాలో వెళ్లాక పచ్చిమాంసం పెట్టాలనుకుంటే. అప్పటికీ ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలు, బాగా పెద్దవాళ్లు, క్యాన్సర్ మందులో స్టెరాయిడ్లో వాడేవాళ్లు ఉంటే ఆ ఆలోచన మానుకోండి. కుక్క ఏడాదిలోపు పిల్ల అయినా వద్దు, పెద్దజాతి పిల్లల్లో కాల్షియం తక్కువైనా ఎక్కువైనా కీళ్లు పాడవుతాయి. పాంక్రియాస్ (క్లోమం) జబ్బు వచ్చిన కుక్కకీ వద్దు.

28 కిలోల కుక్కకి 700 గ్రాముల పచ్చి తిండి ఇలా కూడుతుంది: కోడి మెడలు 200 గ్రాములు, కార్జం 35, కిడ్నీ లేదా తిల్లి (ప్లీహం) 35, మిగిలిన 430 కండ, కందనకాయ, గుండెకాయ. మెడలో మూడో వంతుకి పైగా ఎముక ఉంటుంది, కాబట్టి 200 గ్రాముల్లో 70 గ్రాముల ఎముక వచ్చి, మొత్తంలో పదోవంతు సరిపోతుంది. కాళ్లు (పంజాలు) ఎక్కువ వేస్తే ఎముక పాలు పెరిగిపోతుంది. కార్జం చవకని రెట్టింపు వేస్తే ఎ విటమిన్ పేరుకుంటుంది. కోడి కార్జం కంటే మేక కార్జంలో అది చాలా ఎక్కువ. మార్పు మూడు వారాలు తీసుకోండి: మొదటి వారం తోలు, ఎముక లేని కండ మాత్రమే, పొద్దున పచ్చిది, సాయంత్రం పాత తిండి. రెండో వారం మెడలు. మూడో వారం కార్జం, కిడ్నీ కొద్దికొద్దిగా.

ఎముక గురించి ఒక్క నియమం ప్రాణం మీదికి రాకుండా కాపాడుతుంది: పచ్చిది వంగుతుంది, ఉడికింది పగిలి సూదిమొనలవుతుంది. బిర్యానీ ఎముక, కూరలో ఎముక, నిప్పులమీద కాల్చిన ఎముక ఎప్పటికీ వద్దు. బ్రాయిలర్ కోడి 40, 45 రోజులకే కొట్లోకి వస్తుంది, దాని ఎముక లేత. ముదురు నాటుకోడి పెట్టది అలా ఉండదు. మేక కాలి ఎముక, గేదె ఎముక నమిలితే పైదవడ పెద్ద పన్ను నిలువునా చీలుతుంది. లాబ్రడార్‌తో ఇంకో చిక్కు, అది నమలదు, మింగుతుంది. మెడని చిన్న ముక్కలుగా కొడితే నమలడం మరీ మానేస్తుంది. అందుకని మెడల్ని కైమా మిషనులో రెండుసార్లు వేయించి తేవడం మేలు. మిషనులో ముందు వేసిన మాంసం మిగులు ఉంటుంది కాబట్టి మీ వంతు ఆఖరున వేయించుకోండి, మీ తర్వాత మనుషులకి కైమా కొట్టించుకునేవాళ్లు ఉంటే కడిగాకే వెయ్యమని చెప్పండి. మెడల వల్ల మరో అరుదైన జబ్బు ఉంది. పచ్చికోడి తినే కుక్కల్లో కాంపిలోబ్యాక్టర్ సోకి, వెనక కాళ్లతో మొదలై నరాలు పడిపోయే పక్షవాతం వస్తోందని మెల్‌బోర్న్ యూనివర్సిటీ 2018లో ప్రకటించింది. వెనక కాళ్లు తడబడినా, మొరుగు గొంతు మారినా ఆ రోజే డాక్టరు దగ్గరికి.

మేక, గొర్రె, గేదె కార్జం, ఊపిరితిత్తుల దగ్గర మాత్రం ఇంకాస్త ఆగి చెప్పాలి. ఆదివారం పొద్దున్నే మేకని కోసే చోట చూడండి. ఊపిరితిత్తుల ముక్కలు, పనికిరాని కార్జం చుట్టూ చేరిన కుక్కలకి విసిరేస్తారు. హైడాటిడ్ జబ్బు తిరిగే చక్రం అదే. కొన్ని మేకల కార్జంలో, ఊపిరితిత్తుల్లో తెల్లటి గట్టి పొరలో నీళ్లు నిండిన తిత్తులుంటాయి, బఠాణీ గింజంత నుంచి నిమ్మకాయంత వరకు. అది తిన్న కుక్క పేగులో వడ్లగింజంత కూడా లేని బద్దెపురుగులు వేలల్లో పెరుగుతాయి. కుక్కకి ఏమీ అనిపించదు. సుమారు ఆరు వారాలు తిరిగేసరికి మలంలో గుడ్లు రావడం మొదలవుతుంది, బొచ్చుకీ అంటుకుంటాయి. కుక్కని నిమిరి చెయ్యి కడక్కుండా అన్నం తిన్న మనిషి కార్జంలో ఆ తిత్తి ఏళ్ల తరబడి పెరిగి, చివరికి ఆపరేషన్ దాకా వస్తుంది. అందువల్ల ఊపిరితిత్తులు అసలు పెట్టకండి. మేక కార్జాన్ని వెలుతురులో పట్టుకుని రెండు వేళ్ల మందాన ముక్కలు కోసి చూడండి, తిత్తి కనిపిస్తే మొత్తం పాతిపెట్టండి లేదా కాల్చెయ్యండి, బయట విసరొద్దు. బాగున్నదాన్ని కూడా అరగంట ఉడికించే పెట్టండి. మిగతా తిండి పచ్చిగా పెట్టేవాళ్లు కూడా ఈ ఒక్కటి ఉడికిస్తే పోయేదేమీ లేదు. అప్పుడు కూడా ప్రాజిక్వాంటెల్ ఉన్న పురుగుల మాత్ర ఆరు వారాలకోసారి, కిలోకి 5 మిల్లీగ్రాముల లెక్కన. మూడు నెలలకోసారి వేసే అలవాటు పచ్చిమాంసం తినే కుక్కకి చాలదు.

పందిమాంసం పచ్చిగా పెట్టకూడదు. పచ్చి చేప కూడా వద్దు. చెరువు చేపల్లో, కాలవ చేపల్లో కుక్కకి పట్టే పురుగుల పిల్లలుండొచ్చు. బొచ్చె, శీలావతి చేరే కార్పు జాతి చేపలు కొన్నిట్లో బి1 విటమిన్‌ని విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది. ఉడికిస్తే రెండూ పోతాయి. నర్సాపురం, అంతర్వేది వైపు నుంచి కవళ్లు, కానాగంతలు వచ్చినప్పుడు వారానికి రెండుసార్లు 100 గ్రాముల చొప్పున పెడితే బొచ్చుకీ చర్మానికీ పనికొచ్చే ఒమేగా కొవ్వులు అందుతాయి. కవళ్లని కుక్కరులో పాతిక నిమిషాలు ఉంచితే ముల్లు వేళ్లతో నలిపితే పిండవుతుంది, అలా అయ్యాకే పెట్టాలి. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, వద్దు.

కోళ్ల గురించి మన జిల్లాలవాళ్లకి ఒక మాట. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ అని భోపాల్ ప్రయోగశాల తేల్చింది. ఆ వైరస్ పచ్చి కోడిమాంసం ద్వారా పిల్లులకి సోకి చంపిన సంగతి అమెరికాలో బయటపడింది. కుక్కలకి పిల్లులంత సులువుగా సోకదు, కానీ సోకుతుంది. చుట్టుపక్కల కోళ్లు చచ్చిపోతున్నాయన్న వార్త వినగానే పచ్చికోడి ఆపెయ్యండి. ఉడికిస్తే ఆ వైరస్ బతకదు. చచ్చిన కోడిని 'కుక్కకేగా' అని చవగ్గా ఇచ్చేవాళ్లుంటారు, తీసుకోవద్దు.

నిల్వ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. మే నెల ఎండలో కొట్టు నుంచి ఇంటికి తెచ్చి గట్టుమీద పెట్టి మర్చిపోతే గంటలోపే మాంసం పనికిరాకుండా పోతుంది. ఒక పూటకి సరిపడా తూచి, చదునుగా సంచుల్లో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో పెట్టాలి. ఒంటి తలుపు ఫ్రిజ్ పై అరలో ఐసు గడ్డకట్టినంత మాత్రాన అంత చల్లదనం వచ్చినట్టు కాదు, ఫ్రిజ్ థర్మామీటరు పెట్టి చూడండి. వారంపాటు అలా గడ్డకడితే చాలా పురుగుల తిత్తులు చస్తాయి. సాల్మొనెల్లా చావదు, కరిగాక మళ్లీ లేస్తుంది. కరిగించడం ఫ్రిజ్ కింది అరలో, గిన్నెలో పెట్టి రాత్రంతా. తుఫాను వచ్చి కరెంటు పోతే ఫ్రీజరు తలుపు తియ్యకండి. నిండా ఉన్న ఫ్రీజరు 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు చల్లదనం పట్టి ఉంచుతుంది. తీసి చూసినప్పుడు ముక్కల మధ్య ఇంకా ఐసు పలుకులుంటే సరే, మెత్తబడి నీరు కారుతుంటే ఉడికించే వాడండి, అనుమానంగా ఉంటే పారెయ్యండి. కార్తీకమాసంలో ఇంట్లో ఫ్రిజ్‌లో మాంసం పెట్టడం పెద్దవాళ్లకి ఇష్టం ఉండదు. ఆ నెలకి మళ్లీ డ్రై ఫుడ్‌కి మారేట్టయితే అదీ పదిరోజుల మెట్లలోనే, రాత్రికి రాత్రి కాదు.

గిన్నె స్టీలుది వాడండి, ప్లాస్టిక్ గీతల్లో జిగురు పడుతుంది. వంటింట్లో కాకుండా పెరట్లో సిమెంటు మీద పెట్టండి. పావుగంటలో తినకపోతే తీసెయ్యండి, లేకపోతే కాకులూ ఈగలూ చీమలూ పంచుకుంటాయి. గిన్నె సబ్బుతో తోమి మరిగే నీళ్లు పోయండి. కోడిమాంసాన్ని కుళాయి కింద కడగొద్దు, ఆ తుంపర్లు మూడడుగుల మేర పడతాయి. మలం రోజూ తీసి లోతుగా పాతండి, పెరటి కూరపాదుల్లోకి ఎరువుగా వెయ్యొద్దు.

ఏది తేడా చేసిందో మలమే చెబుతుంది. సున్నంలా తెల్లగా, పొడిగా, ముక్కుతూ వస్తుంటే ఎముక ఎక్కువైంది, మెడలు సగానికి తగ్గించండి. నల్లగా పలచగా వస్తుంటే కార్జం ఎక్కువైంది. కార్జం ఆపినా తారులా నల్లగానే వస్తుంటే అది లోపల రక్తం కావచ్చు, డాక్టరుకి చూపించాలి. పైన జిగురు పొర ఒకటి రెండు రోజులు కనిపిస్తే మార్పు గుర్తే. పసుపు నురగ పొద్దున్నే కక్కుతుంటే ఖాళీ కడుపు, రాత్రి భోజనంలోంచి కొంచెం పడుకునే ముందు పెట్టండి. తోలూ కొవ్వూ ఒక్కసారిగా ఎక్కువ పెట్టిన మర్నాడు వీపు వంచి, ముందుకాళ్లు నేలకి ఆనించి వెనకభాగం ఎత్తి నిలబడితే అది పాంక్రియాస్ నొప్పి, ఇంట్లో మందు వెయ్యొద్దు. పదేపదే కక్కుతూ మలం రాకపోయినా, పొట్ట బిగిసినా ఎముక అడ్డుపడిందేమో ఎక్స్‌రే తియ్యాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

ఈ వారమే చెయ్యాల్సినవి రెండు. చెవి, చర్మం పరీక్ష చేయించండి. అదే వెళ్లడంలో రక్తపరీక్షలో కార్జం, కిడ్నీ పనితీరు చూపించి ఆ కాగితం దాచండి, మూడు నెలల తర్వాత మళ్లీ చేయించి పోల్చాలి. అమ్మాయి వచ్చేలోగా ఒక డోసు పురుగుల మాత్ర పడాలి, మోతాదు 28కి కాదు, వాడి ఇప్పటి 32 కిలోలకి.